మా తిన్నె మీది శాసనసభ

మా నాయనకూ పెదనాయనకూ మాటలు లేవు. అయినా పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉండేవాళ్ళు. పాకాల చుట్టుపక్కల పల్లెల్లో పెరిగినవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. మా ఇల్లు ఒకటే, పొయ్యి ఒకటే, చెరుకు తోట ఒకటే, బోరు ఒకటే. మాటలు మాత్రమే లేవు. ఆ లోటు మా అవ్వ తీర్చేది.

"అమ్మా, వానికి చెప్పు. రేపు కరెంటు పగలే ఇస్తారంట. మోటరు నేనేస్తా" అని నాయన అవ్వతో అనేవాడు. వీధి తిన్నె మీద, చేయి చాపితే తగిలేంత దూరంలో పెదనాయన కూర్చునే ఉండేవాడు. ఆయనకు చెవుడేమీ లేదు. అయినా అవ్వ అటు తిరిగి, "వింటివా పెద్దోడా, రేపు వాడే మోటరేస్తాడంట" అనాలి. అప్పుడుగానీ ఆయనకు వినబడదు. "వింటినిలే. పోయినసారి మాదిరి నీళ్ళన్నీ దోవలో పారబెట్టొద్దని చెప్పు" అని ఆయనా అవ్వతోనే అనేవాడు. అవ్వ మళ్ళీ ఇటు తిరిగేది. అలా తిరిగి తిరిగి ఆమెకు మెడనొప్పి వస్తే, ఇద్దరు కొడుకులూ పోటీలు పడి తైలం తెచ్చేవాళ్ళు.

గొడవ బెల్లం దగ్గర వచ్చింది. చెరుకు రసం పెనంలో కాగి పాకం అవుతుంటే, ఇక దించాలని నాయన, ఇంకా కాలేదని పెదనాయన. ఇద్దరూ వాదించుకుంటూ ఉండగానే పాకం కాస్తా మాడిపోయింది. నీవల్లంటే నీవల్ల అనుకున్నారు. నల్లగా చేదుగా వచ్చిన ఆ బెల్లాన్ని చూసి పశువులు కూడా మూతి తిప్పుకున్నాయి. అప్పటి నుంచి వీళ్ళ మూతులూ చెరో పక్కకే. నేనప్పుడు పలకా బలపం పట్టుకుని బడికి పోయేదాన్ని. నా ఇంటర్మీడియట్ అయ్యేసరికి కూడా ఆ మూతులు తిరగలేదు.

ఆ కాలంలోనే మా ఇంట్లోకి టీవీ వచ్చింది, టీవీలోకి అసెంబ్లీ వచ్చింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అవ్వ కాళ్ళు చాపుకుని, చిన్న ఇనుప రోట్లో వక్కాకు దంచుకుంటూ అసెంబ్లీ చూసేది. ఎవరు ఏ పార్టీయో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆమె చూపంతా పైన ఎత్తు కుర్చీలో కూర్చున్న స్పీకరు మీదే. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు నాయకులు ఒకరినొకరు తిట్టుకోవాలన్నా ముందుగా "అధ్యక్షా" అని ఆయనకు చెప్పుకుని, ఆయన మొహం చూస్తూ తిట్టాలి. అది చూసి అవ్వ రోకలి ఆపేసి, "అయ్యో పాపం, నాకు ఇద్దురే. ఈయప్పకు అన్ని వందల మంది" అని నిట్టూర్చేది. నేను ఎంత నవ్వినా ఆమె నవ్వలేదు. సాటి పనివాడి కష్టం ఆమెకు తెలుసు.

నేను ఇంటర్‌లో పౌరశాస్త్రం చదివాను. శాసన శాఖ చట్టాలు చేస్తుంది, కార్యనిర్వాహక శాఖ అమలు చేస్తుంది, న్యాయ శాఖ తగవులు తీరుస్తుంది అని నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. మార్కులు బాగానే వచ్చాయి. చట్టాలు చేయడానికి అంతమంది ఒకచోట కూర్చుని అంత గోల ఎందుకు చేయాలి, తెలివైనవాళ్ళు నలుగురు రాసేస్తే పోదా అనే అనుమానం మాత్రం పరీక్షలో ఎవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

ఆ ఏడు నాకు కావలసింది ఒక్కటే. తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ చదవాలి, అక్కడే హాస్టల్లో ఉండాలి. నా స్నేహితురాళ్ళు ఇద్దరు అప్పుడే చేరిపోయారు. నాయన వెంటనే సరే అన్నాడు. కానీ మా ఇంట్లో ఒక్కరు సరే అంటే సరి కాదు. ఉమ్మడి ఇల్లు. పెదనాయన కాదంటే గడప దాటేది ఏదీ ఉండదు. నాయన అవ్వకు చెప్పాడు: "వానికి చెప్పు, పాపను తిరపతిలో చేరస్తా ఉండానని." అవ్వ చెప్పింది. పెదనాయన, "వద్దని చెప్పు" అన్నాడు. మరునాడు మళ్ళీ అదే. ఆ మరునాడూ అదే. "చెప్పు", "వద్దని చెప్పు". చేరడానికి గడువు దగ్గర పడుతోంది. నేను అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నానని మా అమ్మ పెద్దమ్మతో గుసగుసలాడింది.

అవ్వ విసిగిపోయి ఒకరోజు నా ముందే, "నా వల్ల గాదు పాపా. ఒకటే మాటను మోసి మోసి నాలిక అరిగిపోయినాది" అంది. నేను ఏడుపు ఆపుకోవడానికే వెటకారంగా, "ఐతే టీవీలో మాదిరి సభ పెట్టవ్వా" అన్నాను. అవ్వ నవ్వుతుందనుకున్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "ఆదివారం పెడదాం" అంది.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక వీధి తిన్నె మీద సభ కొలువుదీరింది. నడుమ చాప మీద అవ్వ, ఆమె ముందు ఇనుప రోలు. కుడివైపు నాయన, ఎడమవైపు పెదనాయన. అవ్వ రోట్లో రోకలితో టంగుమని కొట్టి నిబంధనలు చెప్పింది. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు నోరు తెరవకూడదు. ఎవరేమన్నా ఆమెతోనే అనాలి. పాత సంగతులు తవ్వకూడదు. ముఖ్యంగా బెల్లం ఊసు ఎత్తకూడదు.

అప్పుడు గడప లోపలి నుంచి పెద్దమ్మ గొంతు వినబడింది. "అత్తా, మాకు లేదా ఓటు? ఎలచ్చన్లప్పుడైతే కూలి పని ఇడిసిపెట్టయినా పోండి అంటారు గదా."

అన్నదమ్ములిద్దరూ అవ్వ మొహం చూశారు. అవ్వ ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, "వొచ్చి కూసోండి" అంది. అలా పెద్దమ్మ, అమ్మ వచ్చి ఎవరి మొగుడి వెనక వాళ్ళు కూర్చున్నారు. సభ్యులు నలుగురయ్యారు. పెదనాయన కూతురు, మా అక్క, పెళ్ళై వడమాలపేటలో ఉండేది. ఇక మిగిలింది నేను. నేను సభ్యురాలిని కాను, బిల్లును. బిల్లుకు ఓటుండదు కదా, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను.

మా నాయన ముందుగా లేచి బిల్లు ప్రవేశపెట్టాడు. "అధ్యక్షా, పాపకు మార్కులు బాగొచ్చినాయి. సదువుకుంటానంటా ఉండాది. సదివిద్దాం" అని కూర్చున్నాడు. అంతే. తన వాదన అంత బాగా ఉందని ఆయనకే ముచ్చటేసినట్టుంది, మీసం దువ్వుకున్నాడు.

ఇక పెదనాయన ప్రశ్నలు మొదలయ్యాయి. తిరుపతిలో ఎవరికి ఎవరు తెలుసు? దేశం మీద జనమంతా వచ్చిపోయే ఊరు, అందరూ కొత్తవాళ్ళే. హాస్టల్లో నీళ్ళెక్కడివి? ఎన్ని గంటలకు తలుపులు వేస్తారు? తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? పండగ సెలవులకు బస్సుల నిండా కొండకొచ్చిన జనమే ఉంటే, పిల్ల ఎలా ఎక్కుతుంది? ఒక్కొక్క ప్రశ్నకూ ముందు "అధ్యక్షా", వెనక "వాన్ని చెప్పమను". ఇన్నేళ్ళుగా అవ్వతో చెప్పించుకుని అలవాటైన మనుషులేమో, సభామర్యాద వాళ్ళకు పుట్టుకతో వచ్చినట్టుగా ఉంది. హైదరాబాదులో అంత పెద్ద భవనంలో కూర్చున్నవాళ్ళు కూడా అప్పుడప్పుడూ అధ్యక్షుణ్ణి మరిచిపోయి ఒకరి మీద ఒకరు అరుచుకునేవాళ్ళు. వీళ్ళు ఒక్కసారి కూడా తప్పలేదు.

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నల్లో సగం నాకుగానీ నాయనకుగానీ అంతవరకూ తట్టనేలేదు. నీళ్ళ సంగతి నేను స్నేహితురాళ్ళను అడగలేదు. తాళం చెవి సంగతి ఎవరికి తెలుసు? పెదనాయన నన్ను ఆపడానికే అడుగుతున్నాడని లోపల ఉడికిపోతూనే, ఇవన్నీ కనుక్కోవాలి కదా అని కూడా అనుకున్నాను. నాయన మీసం దువ్వడం మానేశాడు.

అప్పుడు మా అమ్మ గొంతు సవరించుకుంది. మా ఇళ్ళల్లో తమ్ముడి పెళ్ళాం బావ ఎదుట నిలబడి మాట్లాడదు. అన్నం వడ్డించినా తల వంచుకుని వడ్డించి లోపలికి పోవాల్సిందే. పెళ్ళయినప్పటి నుంచి మా అమ్మ పెదనాయనతో నేరుగా ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు. కానీ ఇక్కడ మాట్లాడాల్సింది బావతో కాదు, అత్తతో. ఆమె కొంగు సర్దుకుని, అవ్వనే చూస్తూ అంది: "అత్తా, తిరపతిలో అందురూ కొత్తోళ్ళని బావ అంటా ఉండాడు. నేను ఈ ఇంట్లోకి వొచ్చిన పొద్దు ఈడుండేది అందురూ కొత్తోళ్ళే. అప్పుడు నా గురించి ఎవురన్నా భయపడినారా అని అడుగు."

అవ్వ ఎడమవైపు తిరిగి, "భయపడినావా?" అని అడిగింది. పెదనాయన పంచె దులుపుకుని లేచి వాకౌట్ చేశాడు. పశువుల కొట్టం దాకా పోయి, ఆవుకు నాలుగు పరకలు గడ్డి వేసి, అక్కడే కాసేపు నిలబడ్డాడు. ఈలోగా పెద్దమ్మ లోపలికి పోయి అందరికీ కాఫీ తెచ్చింది. ఆ వాసన కొట్టం దాకా పోయినట్టుంది, ఆయన వచ్చి తన చోట కూర్చుని లోటా అందుకున్నాడు. ఎందుకు పోయావని అవ్వ అడగలేదు, ఎందుకు వచ్చావనీ అడగలేదు.

కాఫీలయ్యాక పెదనాయన ఆఖరి ప్రశ్న వేశాడు. "అధ్యక్షా, ఆడ పిల్లకు జరమొస్తే ఏం గతి?"

"అధ్యక్షా, నేను పోయి పిల్సుకోనొస్తా" అన్నాడు నాయన.

"నువ్వా?" పెదనాయన లేచి నిలబడ్డాడు. "తిరపతికని బస్సెక్కి, నిద్దరబోయి గూడూరులో లేసినోడివి, నువ్వు పోయి పిల్సుకోనొస్తావా!"

"అది నా తప్పా? కండక్టరు లేపలా!" నాయనా లేచాడు.

"కండక్టరు నీకు మేనమామా లేపేదానికి?"

"నువ్వు మాత్రం ఆ పొద్దు..."

అవ్వ రోకలితో రోలును టంగు టంగుమని వాయించింది. "నా ద్వారా! ఏందిరా ఇది, నా ద్వారా మాట్లాడండి!"

అనేసి, చేతిలో రోకలి అలాగే పైకెత్తి ఆగిపోయింది. అందరం ఆగిపోయాం. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. ఏళ్ళ తరబడి ఏ మాట కోసం ఆమె దేవుళ్ళకు మొక్కుకుందో ఆ మాట వచ్చేస్తే, తనే రోలు వాయించి ఆపేసింది! ఆ తల్లి మొహం చూడాలి ఆ క్షణాన. నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకైతే ఆమెను గట్టిగా కౌగలించుకోవాలనిపించింది. ఇద్దరూ సిగ్గుపడి చెరో పక్కకు కూర్చున్నారు. "అధ్యక్షా, క్షమించాల" అన్నాడు పెదనాయన, గోడ వైపు చూస్తూ.

తర్వాత ఆయన రెండు సవరణలు చెప్పాడు. ఒకటి, నెలకొకసారి పిల్ల ఇంటికి వచ్చి మొహం చూపించి పోవాలి, అదీ పగటి బస్సులో. రెండు, తీసుకుపోయే పని, తీసుకొచ్చే పని నాయనకు ఇవ్వకూడదు. మొదటిదానికి నాయన కూడా తల ఊపాడు. రెండోదానికి గొణిగాడు గానీ, గూడూరు సంగతి ఊరంతటికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ గొణగలేకపోయాడు. సవరణలు చేర్చాక కూడా పెదనాయన, "నేను వద్దనే అంటాను, చేతులెత్తించు" అన్నాడు.

చేతులెత్తించే ముందు అవ్వ మొహం చూశాను. అది వాడిపోయి ఉంది. ఎందుకో నాకప్పుడు అర్థమైంది. నాయన, అమ్మ ఒక పక్క. పెదనాయన, పెద్దమ్మ ఒక పక్క. మా ఊళ్ళో మొగుడొక చోట ఓటేస్తే పెళ్ళాం ఇంకో చోట వేయడం అప్పటిదాకా ఎవరూ వినలేదు. ఇద్దరు, ఇద్దరు. సమానంగా వస్తే తీర్పు ఓటు అధ్యక్షురాలిదే. ఆ ముందు రాత్రి ఆమె నాతో చెప్పింది కూడా: "నేను ఒక పక్కకు సెయ్యెత్తినాననుకో, రేపట్నుంచి ఆ పక్కోడు నాతో మాట్లాడతాడా? నా నోట్లోంచి పోయే మాట వాని సెవిలోకి పోతాదా? వాళ్ళిద్దరికీ నడాన ఉండేది నేనొక్కదాన్నే పాపా." అప్పుడు ఆ మాట నాకు పట్టలేదు. నా చదువు గురించి తప్ప ఇంకేమీ పట్టే స్థితిలో లేను. ఇప్పుడు ఆమె రోకలిని అరచేతిలో నలుపుకుంటూ ఉంటే, నాకు తిరుపతి కావాలి, ఆమె చేయి మాత్రం లేవకూడదు అని రెండూ ఒకేసారి కోరుకున్నాను. రెండూ ఎలా కుదురుతాయో నాకు తెలియదు.

"పాపను పంపియ్యాల అనేవాళ్ళు సెయ్యెత్తండి" అంది అవ్వ.

నాయన చేయి లేచింది. అమ్మ చేయి లేచింది. అవ్వ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి పెదనాయన వెనక, గాజులు గలగలమని, పెద్దమ్మ చేయి కూడా లేచి ఉంది.

నాయన పట్టలేక, "ఫిరాయింపు, అధ్యక్షా!" అని తొడ చరిచాడు. అవ్వ రోలు వాయించి ఆయన నోరు మూయించింది. పెదనాయన వెనక్కి తిరిగి పెద్దమ్మను చూశాడు. కోపమేమీ లేదు, ఈ మనిషిని ఎక్కడో చూశానే అన్నట్టు చూశాడు.

పెద్దమ్మ చేయి దించలేదు. అవ్వతోనే అంది: "అత్తా, నా బిడ్డను పదో తరగతితో ఆపినప్పుడు ఈ తిన్నె మీద ఎవురూ సభ పెట్టలా. నన్ను ఎవురూ అడగలా. ఈ పొద్దు అడిగినారు, చెప్తా ఉండాను."

పెదనాయన చేతిలోని ఖాళీ లోటాను చూసుకుంటూ, "సేతులు లెక్కబెట్టుకుంటివా అమ్మా?" అని అడిగాడు. "లెక్కబెట్టుకుంటి" అంది అవ్వ. "సరే ఐతే" అన్నాడు. అవ్వ రోట్లో ఆకు, వక్క, సున్నం వేసి దంచడం మొదలుపెట్టింది. సభ ముగిసిందని దాని అర్థం. ఆమె చేయి లేవకుండానే నాకు తిరుపతి దొరికింది. నేను లోపలికి పరిగెత్తి బియ్యం మూటల మధ్య కూర్చుని కరువుదీరా ఏడ్చాను.

ఇంతటితో అన్నదమ్ములు కలిసిపోయారని రాస్తే బాగుండేది. మరునాడు పొద్దున్నే తిన్నె మీద, "అమ్మా, వానికి చెప్పు, సాయంత్రం తోటకు మందు కొట్టాల" అని నాయన, "విన్నానని చెప్పు" అని పెదనాయన యథాప్రకారం మొదలుపెట్టారు. అవ్వ మెడ అటూ ఇటూ తిరిగింది. ఆమె మాత్రం ఆ రోజు ఎందుకో తనలో తనే నవ్వుకుంటూ తిరిగింది.

నేను కాలేజీలో చేరే రోజు వచ్చింది. నాయన తీసుకుపోకూడదని సవరణ ఉంది గదా, ఎవరు తీసుకుపోతారో మాత్రం ఎవరూ అనుకోలేదు. అమ్మ నా ట్రంకుపెట్టె సర్దుతుంటే పెదనాయన తెల్ల చొక్కా వేసుకుని, భుజాన తుండు వేసుకుని వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, వానికి చెప్పు. పిల్లను నేను పిల్సుకోని పోతాను."

నాయన అవ్వతో, "వద్దన్నోనికి ఈ పని దేనికంట?" అన్నాడు.

"ఇంటి తీర్మానం గదా. నేను ఈ ఇంట్లో లేనా అని అడుగు" అన్నాడు పెదనాయన. ట్రంకుపెట్టె ఎత్తి భుజాన పెట్టుకుని ముందు నడిచాడు. నాయన గబగబా వెళ్ళి గేటు తీసి పట్టుకున్నాడు.

బస్సులో ఆయన నిద్రపోలేదు. చంద్రగిరి దాటినప్పటి నుంచీ ఊరొచ్చిందా, ఊరొచ్చిందా అని కండక్టరును అడుగుతూనే ఉన్నాడు. హాస్టల్లో వార్డెన్ గది ముందు చాలామంది తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. మా వంతు రాగానే పెదనాయన తిన్నె మీద అడిగిన ప్రశ్నలన్నీ ఆవిడను మళ్ళీ మొదటి నుంచి అడిగాడు. నీళ్ళెక్కడివి, తలుపులు ఎప్పుడు వేస్తారు, తాళం చెవి ఎవరిది, జ్వరమొస్తే డాక్టరు ఎక్కడ. ఆవిడ మొదట చిరాకుపడింది, తర్వాత కుర్చీ చూపించి కూర్చోమంది, చివరికి తాళం చెవి తీసి చూపించింది. చట్టం చేసి ఇంటికి పోవడం కాదు, అది సరిగ్గా జరుగుతోందా లేదా అని అడగడం కూడా సభవాళ్ళ పనే అని మా పుస్తకంలో ఉంది. పరీక్షలో ఆ ప్రశ్నకు నేను జవాబు రాశాను కూడా. దాని అర్థం నాకు ఆ గదిలో తెలిసింది.

అన్నీ అయ్యాక ఆవిడ కళ్ళద్దాలు తీసి, "చూడండి, కొంతమంది ఇంట్లో ఒకరికి ఇష్టముండి ఒకరికి లేక, నడిమధ్యలో వచ్చి పిల్లను తీసుకుపోతున్నారు. పాప చదువు పాడవుతుంది. మీ ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా?" అని అడిగింది.

పెదనాయన అబద్ధం ఆడే మనిషి కాదు. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

ఆయన తుండుతో మొహం తుడుచుకున్నాడు. "మాట్లాడుకునేటప్పుడు వద్దన్నోళ్ళు ఉండారు మేడం. మాట్లాడుకునేది అయిపోయినాది. ఇప్పుడు అందురమూ పంపిస్తా ఉండాం."